మృత్తికయందు భావవ్యక్తి – లక్ష్మాగౌడ్ శిల్పమార్గ పరిశీలనము

సంస్కృత వాఙ్మయమున మట్టిబొమ్మ మానవహృదయమును కదలించిన ఘట్టములు సుప్రసిద్ధములు. మృచ్ఛకటికమున చారుదత్తుని కుమారుడు రోహసేనుడు మట్టిబండిని చూచి ఏడ్చును. పొరుగింటి బాలుని బంగారుబండి వానికి కావలెను. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపును. రూపకమునకు పేరే ఆ బండి వలన వచ్చినది. అభిజ్ఞానశాకుంతల సప్తమాంకమున సింహశిశువుతో ఆడుచున్న సర్వదమనుని మరలించుటకై తాపసి రంగులు పూసిన మట్టినెమలిని తెచ్చును. ఆ పక్షి లావణ్యమును చూడుమని చెప్పిన మాటలో తల్లిపేరు చెవిని పడి బాలుడు తల్లి ఎక్కడని అడుగును. వినుచున్న దుష్యంతునకు ఆశ చిగురించును. మహాభారతము ఆదిపర్వమున ఏకలవ్యుడు మట్టితో ద్రోణుని రూపమును చేసికొని దానినే ఆచార్యునిగా భావించి విద్య నేర్చును.

ఈ మూడు ఘట్టములందును మట్టి భావమునకు నిమిత్తము మాత్రమే, ఆశ్రయము కాదు. దుఃఖము రోహసేనునిది, ఆశ దుష్యంతునిది, భక్తి ఏకలవ్యునిది. బండికిగాని నెమలికిగాని ద్రోణప్రతిమకుగాని స్వకీయమైన భావము కలదని కవి చెప్పలేదు. అయినచో శిల్పి చేతిలోని మట్టి తానే భావమును వ్యక్తము చేయగలదా? చేయగలదన్నచో, కదలికయు పలుకును లేని ఆ ముద్దయందు భావము ఎచ్చట నిలుచును? అలంకారశాస్త్ర పరిభాషతో ఈ ప్రశ్నను విచారించుటకు ఆధునికాంధ్ర కళాకారులలో కె. లక్ష్మాగౌడ్ గారి కృషి తగిన లక్ష్యము. ఆయన ప్రఖ్యాతి మొదట రేఖాచిత్రకారుడుగను, ముద్రాచిత్రకారుడుగను వచ్చినది. మట్టిప్రతిమలు ఆ ప్రఖ్యాతి తరువాత విశేషముగా వెలువడినవి. ఈ పౌర్వాపర్యమే ఆయన శిల్పమును అర్థము చేసికొనుటకు తాళపుచెవి.

లక్ష్మాగౌడ్ గారు 1940లో నాటి మెదకు జిల్లా నిజాంపురమున జన్మించిరి. కుమ్మరి సారె, తోలుబొమ్మలాట, జాతరలు గల పల్లెటూరి వాతావరణమున బాల్యము గడచినది. 1963 వరకు హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళా వాస్తుకళాశాలలో చదివి, పిమ్మట బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున కుడ్యచిత్రణమును, చిత్రముద్రణమును అభ్యసించిరి. అచ్చట వారికి గురువులు కె. జి. సుబ్రమణ్యన్ గారు. శాంతినికేతనమున శిక్షణ పొందిన ఆ ఆచార్యుడు జానపద చేతిపనులను ఆధునికకళకు జీవద్వనరుగా భావించినవాడు. 1963లో లక్నో నగరమున రవీంద్రాలయమునకు రవీంద్రుని 'రాజా' నాటకము ఆధారముగా కాల్చిన మట్టిఫలకములతో మహాకుడ్యమును నిర్మించినది ఆయనయే. 1971లో బంగ్లాదేశ యుద్ధమును పురస్కరించుకొని చేసిన మట్టిఫలకములలో సేనానుల దర్పమును, హింసను అదే మట్టితో ఎత్తిచూపెను. పూజామూర్తులు, ఆటబొమ్మలు, పాత్రలు మాత్రమే మట్టికి తగినవనియు, గంభీరభావములకు శిలాలోహములే శరణ్యములనియు నున్న అభిప్రాయమును ఈ ఫలకములు తొలగించినవి. శిష్యుడు నడచిన దారికి ఆదిలో ఈ దీపము కలదు.

బరోడానుండి మరలివచ్చి లక్ష్మాగౌడ్ గారు కొంతకాలము హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమున చిత్రకారులుగా పనిచేసిరి. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన సరోజినీనాయుడు లలితకళా పాఠశాల రూపకల్పనయందు పాలుగొని, అందే ఆచార్యులై, 2001లో డీన్ పదవినుండి విరమించిరి. 2016లో పద్మశ్రీ పురస్కారము లభించినది. నగరమధ్యమున సరోజినీదేవి గృహమైన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడచిన ఆ పాఠశాల తరువాత గచ్చిబౌలి ప్రధానప్రాంగణమునకు తరలినది. అందుచేత నేడు శిల్పవిద్యార్థులు మట్టి పిసుకుచున్న స్థలమునకు చుట్టును సైబరాబాదు గాజుమేడలు నిలిచియున్నవి. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమగుటకు పూర్వము ఈ ప్రాంతమంతయు గండశిలల దిబ్బలు, చెరువులు, సీతాఫలపు పొదలు. ఇచ్చటి నల్లసేనపురాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్టి రాయియే యుగయుగముల ఎండవానలకు చివికి, నీటితో కొట్టుకొనిపోయి, చెరువుల అడుగున బంకమన్నుగా నిలిచినది. ఇచ్చటి శిలకును మట్టికిని ఉన్న భేదము వయోభేదమే యనవచ్చును.

ఈ ప్రాంతముననే 1992లో ఏర్పడిన శిల్పారామమున గ్రామీణ సంగ్రహాలయము కలదు. గుడిసెల నీడలో కుమ్మరి, నేతగాడు మొదలైన వృత్తికారుల మానవప్రమాణ ప్రతిమలు అందు కూర్చుండబెట్టబడినవి. ఎవరు ఏ పని చేయుచున్నారో పిల్లవానికి సైతము తెలియును. అవి క్రియాబోధకములు, అందువలన ప్రశంసనీయములు. కాని మగ్గము ముందు కూర్చున్న ఆ మనిషికి ఏమి తోచుచున్నదో తెలియదు. క్రియను చూపుట వేరు, భావమును వ్యంజింపజేయుట వేరు. లక్ష్మాగౌడ్ గారి ప్రతిమలలో పని చేయుచున్నవారు అరుదు. తలలు, వక్షఃపర్యంత రూపములు, నిలుచున్న స్త్రీపురుషులు – వారు చూచుచుందురు, అంతే. అయినను చూపరి వారిముందునుండి త్వరగా కదలలేడు.

ఇక శాస్త్రవిచారము. విష్ణుధర్మోత్తరపురాణ తృతీయఖండమునందలి చిత్రసూత్రము మార్కండేయ వజ్రసంవాద రూపము. ప్రతిమాలక్షణము తెలియవలెనన్న చిత్రము, చిత్రము తెలియవలెనన్న నృత్తము తెలియవలెనని అందు చెప్పబడినది. చిత్రమునకు చెప్పిన విధానమునే శిలాదారులోహ ప్రతిమలకును అది వర్తింపజేసినది. మట్టికిని అదియే న్యాయము. భాగవత ఏకాదశస్కంధమున ప్రతిమలు అష్టవిధములని చెప్పినపుడు లేప్య అనుదానికి మృత్తికాచందనాదులతో చేసినదని శ్రీధరస్వామి వ్యాఖ్యానించెను గదా. నృత్తజ్ఞానము శిల్పికేల? నర్తకి భావమును కాలమునందు విప్పిచూపును. కనుబొమ లేచును, పడును. పెదవి వణకును, ఆగును. శిల్పికి కాలము లేదు, ఒక్కక్షణమే యున్నది. ఏ క్షణమును గ్రహింపవలెనన్నదే వాని పరీక్ష.

ఇచ్చట స్థాయిసంచారుల వివేకము మిక్కిలి ఉపకరించును. ముప్పదిమూడు సంచారిభావములు పుట్టుచు గిట్టుచు నుండునవి, నీటిబుడగలవంటివి. వానిలో నొకదానిని – హర్షమునో, అమర్షమునో, త్రాసమునో – పట్టి మట్టిలో కాల్చినచో అది ఎన్నటికిని ముగియని హర్షము, ఎన్నటికిని ముగియని త్రాసము అగును. క్షణికమైనది శాశ్వతమైనప్పుడు వికారమగును. నవ్వుచున్న ఛాయాచిత్రమును చాలసేపు చూచినచో నవ్వు వెక్కిరింతగా మారుట అందరికిని అనుభవసిద్ధమే. కావున ప్రతిమకు తగినది సంచారి కాదు, స్థాయియే. నిదానముగా లోన నిలిచియుండునది, ఇంకను వెలికి రానిది, వచ్చుటకు సిద్ధముగా నున్నది.

సాత్త్వికభావముల మాట ఇంకను విచిత్రము. భరతుడు చెప్పిన ఎనిమిదింటిలో స్వేదమును, అశ్రువును మట్టి చూపలేదు. చుక్కలు అంటించినచో అవి చుక్కలుగనే కనబడును. స్వరభేదమునకు తావే లేదు. వేపథువు, రోమాంచములు కదలికకు సంబంధించినవి. ప్రళయమున చేష్టయు జ్ఞానమును లోపించును. శిల్పమున దానిని మరణమునుండి వేరుచేయుట కష్టము. నిద్రించువానిని చైతన్యముతోను, మృతుని చైతన్యరహితునిగను చూపగలవాడే చిత్రవేత్తయని చిత్రసూత్రము ఈ కష్టమునే సూచించినది. వైవర్ణ్యము మట్టిచేతిలో లేదు, నిప్పుచేతిలో నున్నది. మిగిలినది స్తంభమొక్కటి. నటుడు స్తంభమును అభినయింపవలెను; మట్టికి అది సహజధర్మము. మట్టి స్వభావముగనే స్తబ్ధము. ఆ స్తబ్ధత జడత్వముగా తోచునా, లోని భావోద్రేకము వలన అవయవములు నిలిచిపోయినట్లు తోచునా అన్నదే శిల్పి సామర్థ్యమునకు గీటురాయి.

లక్ష్మాగౌడ్ గారు ఈ చిక్కును ఎట్లు విప్పిరి? మొదటిది, ముఖమును కదలింపరు. ఆయన స్త్రీలు నవ్వరు, పురుషులు కనుబొమలు ముడువరు. బొట్టు, ముక్కుపుడక, మీసము, తలపాగ మొదలైన తెలంగాణపు పల్లె ఆనవాళ్లు స్ఫుటముగా నుండును. ముఖము మాత్రము ఋజువై, పెదవులు మూసియుండును. రెండవది, ముఖమున నిషేధించిన చాంచల్యమును ఉపరితలమునకు అప్పగింతురు. ఇచ్చటనే ఆయన పూర్వవిద్య పనికివచ్చినది. తామ్రాది లోహఫలకముపై ఆమ్లముతో చిత్రమును తినిపించు విధానమున గీత పైపూత కాదు, గాటు. లోహములోనికి దిగిన చాలు. ఆ గాటులో నిలిచిన సిరాయే కాగితముపై రేఖయగును. సంవత్సరముల తరబడి గాటుగా గీత గీచిన చేయి పచ్చిమట్టిని చేరినపుడు అదే పని చేసినది. కంటిచుట్టు, జుట్టుపాయలందు, మెడముడుతలందు రేఖలు లోతుగా దిగియుండును. కుంచెతో వేసిన రేఖకు వెలుగుతో పనిలేదు. గాటుగా నున్న రేఖ వెలుగు మారినపుడెల్ల నీడ మార్చుకొనును. ఉదయమున ప్రక్కనుండి ఎండ పడినపుడు చెంప బిగిసినట్లును, మధ్యాహ్నమున సడలినట్లును అగపడును. ముఖమునకు లేని కదలిక నీడకు లభించినది. నిమ్నోన్నత విభాగము తెలిసినవాడే చిత్రజ్ఞుడని చిత్రసూత్రమున నున్నమాటకు ఇంతకన్న చక్కని ఉదాహరణము దొరకదు.

మట్టితో పనిచేయు పద్ధతియు భావముతో ముడివడియున్నది. శిల వద్ద శిల్పి తీసివేయును. మట్టియందు చేర్చును, తీయును, నొక్కును, మరల చేర్చును. రాళ్లు ఏరి, నానబెట్టి, త్రొక్కి, గాలిబుడగలు లేకుండ పిసికిన ముద్దకు కొంత ఇసుక చేర్చుట ఆరునప్పుడు బీటలు వారకుండుటకు. పెద్ద ప్రతిమ లోపల గుల్లగా నుండవలెను. దళసరి ముద్ద లోపలి తడి ఆవిరియై బయటపడు దారిలేక కొలిమిలో పగిలిపోవును. అందువలన మట్టితల యనునది నిజమునకు ఒక పాత్ర. కుండవలెనే దానికి లోపలి శూన్యము, బయటి గోడ ఉండును. లోపలినుండి వ్రేలితో నొక్కిన చోట చెంప ఉబ్బును, బయటనుండి నొక్కిన చోట కన్ను లోతుపడును. లోనినుండి వచ్చిన ఒత్తిడిచేత ఏర్పడిన చెంపకును, పైన అతికించిన చెంపకును ఉన్న భేదము చూపరికి కారణము తెలియకున్నను తెలియును. మొదటిది ఊపిరి బిగబట్టినట్లుండును.

సగము ఆరిన మట్టి గాటును స్పష్టముగా నిలుపుకొనును; మిక్కిలి పచ్చిగా నున్నపుడు అంచు మెత్తబడును, మిక్కిలి ఆరినపుడు పొడిరాలును. ఆ మధ్యకాలము కొలదిగంటలే. కన్నును అప్పుడే గీయవలెను. ఆరుటలోను కాలుటలోను కలిసి మట్టి నూటికి 10 వంతుల వరకు సంకోచించును. అది అంతటను సమముగా జరుగదు. పలుచని ముక్కు త్వరగా, దళసరి మెడ మెల్లగా ముడుచుకొనును. పెదవి కొస వెంట్రుకవాసి జరిగినను శాంతమైన ముఖము చిరాకుగా మారవచ్చును. అందుచే శిల్పి తాను చూచుచున్న ముఖమును కాక, పదునైదు ఇరువది దినముల పిమ్మట కాలివచ్చు ముఖమును ఊహించి పచ్చిమట్టిని దిద్దవలెను. సుమారు 600 డిగ్రీలు దాటినపుడు మట్టి కణములలో బంధింపబడిన నీరు వెడలిపోయి మరల నీటితో ముద్ద కాదు. 900 ప్రాంతమున గట్టిపడి ఇనుము పాలునుబట్టి ఎఱ్ఱనగును. గాలి చొరని కొలిమిలో అదే మట్టి నల్లబడును. ముందు చెప్పిన వైవర్ణ్యము ఇదియే: ఒకేతల ఎఱ్ఱగా వచ్చినచో దేహోష్ణము కలదిగను, నల్లగా వచ్చినచో దుఃఖమున ముడుచుకొన్నదిగను తోచును.

ఇదే తెలంగాణమున, సూర్యాపేటయందు 1956లో జన్మించిన జి. రవీందర్ రెడ్డి గారి పద్ధతి దీనికి భిన్నము. వారును బరోడా విద్యార్థులే. పిదప లండనులో చదివి, 1990 నుండి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధించిరి. వారి మహాశిరస్సులు లోకమెరిగినవి. కొప్పులు, పూలదండలు, బంగారు పూత, రెప్పవాల్చని తెల్లని కన్నులు. వారును ముఖమును కదలింపరు. కాని వారి మట్టి పూర్వరంగము వంటిది. మట్టిలో రూపము తీర్చి, అచ్చుతీసి, ఫైబర్‌గ్లాసులో పోతపోసి రంగులద్దుదురు, మట్టి తొలగిపోవును. వ్రేలిముద్ర మిగులదు, నునుపు మిగులును. అచ్చట స్తంభము పరిమాణముచేతను, నేత్రవైశాల్యముచేతను సిద్ధించును. గ్రామదేవత ముందు నిలిచినపుడు కలుగు వెరపు వంటిది. లక్ష్మాగౌడ్ గారి తల చేతికందునంత దగ్గరది. అద్భుతము రవీందర్ రెడ్డి గారి కృతులకు తగును. రతిశోకముల సన్నిహితభావము లక్ష్మాగౌడ్ గారి మట్టికి తగును. ఒకరిని మించినవారు మరియొకరని కాదు, మాధ్యమము మారగా స్థాయి మారినదని గ్రహింపదగును.

నేత్రవిషయము ప్రత్యేకముగా గణింపదగినది. చిత్రసూత్రము చాపాకారము యోగులకు, మత్స్యోదరము స్త్రీలకును కాముకులకును, ఉత్పలపత్రాభము నిర్వికారునకు, పద్మపత్రనిభము భీతునకును రోదించువానికిని, ఇంకొక ఆకారము క్రుద్ధునకును పీడితునకును అని నేత్రములను ఐదు విధములుగా విభజించినది. లక్ష్మాగౌడ్ గారి స్త్రీలకన్నులు మత్స్యోదరమునకు చేరువైనవే. అయినను చూపు ఉత్పలపత్రము వలె నిర్వికారము. ఆకారము శృంగారమునకు చెందినది, చూపు శాంతమునకు చెందినది. ఈ వైరుధ్యమే చూపరిని నిలుపుచున్నదని చెప్పవచ్చును.

శృంగారప్రసక్తి వచ్చినది కావున ఒక ఆక్షేపమును పరిశీలింపవలసియున్నది. లక్ష్మాగౌడ్ గారి తొలినాటి ముద్రాచిత్రములలో స్త్రీపురుష సంబంధము నిస్సంకోచముగా చిత్రింపబడినది. మట్టిరూపములందు అది చాలవరకు అణగి, దేహపుష్టియందును చూపునందును నిలిచినది. వీనిని గ్రామ్యములని త్రోసిపుచ్చు పండితులు లేకపోలేదు. గ్రామ్యము కేవలము లోకమున మాత్రమే వ్యవహరింపబడు పదమునకు సంబంధించిన దోషమని మమ్మటాదులు నిర్వచించిరి. 'కటి' శబ్దమును ఉదాహరించిరి. అది ప్రయోగదోషము, గ్రామమున పుట్టినదెల్ల గ్రామ్యమని వారు చెప్పలేదు. అట్లన్నచో హాలుని గాథాసప్తశతి యంతయు త్రోసివేయవలసినదే. కాపువాని ఇల్లాలు, వ్యాధుని భార్య, గోదావరి గట్టు, చేను – ఇవియే ఆ గాథల లోకము. ఆనందవర్ధనుడు ధ్వనికి ఆ గాథలనే పలుమారు ఉదాహరించెను. చదివినది ప్రాకృతమైనపుడు రసమనియు, చూచినది తెలంగాణపు మట్టియైనపుడు గ్రామ్యమనియు పలుకుట న్యాయము కాదు.

గాథల కాలపు మట్టి ఈ నేలయందే దొరకినది. హైటెక్ సిటీ ప్రక్క నున్న కొండాపురము కాదు. పూర్వపు మెదకు జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో నున్న కొండాపురము. 1940 ప్రాంతమున నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ అచ్చట త్రవ్వగా శాతవాహనుల నాటి మట్టిబొమ్మలు విశేషముగా లభించినవి. కేయొలిన్ అను తెల్లమట్టితో, ముందు వెనుకలకు రెండు అచ్చులు వాడి, లోపల గుల్లగా చేసిన బొమ్మలు. కేశబంధములు ఎంత సూక్ష్మములో ముఖములు అంత నిశ్చలములు. అచ్చువేయువాడు గుల్లతనమును ఎరుగును, నిశ్చలతను ఎరుగును. గాటును మాత్రము ఎరుగడు, అచ్చులో అది నిలువదు. లక్ష్మాగౌడ్ గారు జన్మించిన జిల్లాయే అది. ఆ బొమ్మలను అనుకరించిరని చెప్పుట అనవసరము. ఒకే నేల, ఒకే గుల్లతనము, ముఖనిశ్చలత అను ఒకే నియమము రెండువేల యేండ్ల యెడముతో కనబడుట గమనింపదగినది.

చివరగా, సూక్ష్మమతులగు అలంకారికులు లేవదీయగల ఒక శంక. విభావానుభావ సంచారిసంయోగము వలన రసనిష్పత్తి యని భరతుడు చెప్పెను. ఒంటరి మట్టితలకు ఆలంబనమేది? ఆమె ఎవరిని చూచుచున్నది? ఉద్దీపనమేది? అవి లేనిచో రసమెట్లు? శ్రీశంకుకుడు చిత్రతురగన్యాయము చెప్పి, చిత్రమందలి గుఱ్ఱమును గుఱ్ఱమని గ్రహించినట్లు అనుకరణమునుండి స్థాయిని ఊహింతుమనెను. అభినవగుప్తుడు గురువైన భట్టతౌతుని ననుసరించి అనుకరణవాదమును ఖండించెను. లక్ష్మాగౌడ్ గారి ప్రతిమలు అభినవుని పక్షముననే నిలుచును. అవి ఏ ఒక్క స్త్రీకిని పోలిక కావు. ఫలానావారి ముఖమని గుర్తింపజాలము కావుననే సాధారణీకృతములగును. ఇక ఆలంబనము మాటకు సమాధానము ముక్తకమున నున్నది. అమరుకుని శ్లోకమొక్కటి చదివినపుడు నాయిక ఎవరో, అలుక ఎందుకో, ఎవరు వినుచున్నారో సహృదయుడే కల్పించుకొనును. ముక్తకమందును ప్రబంధమందువలె రసాభినివేశము కనబడునని ధ్వనికారుని వృత్తి అమరుకునే పేర్కొన్నది. మట్టితల ఒక ముక్తకము. మాదాపురము కావూరి హిల్స్‌లోని రాష్ట్ర కళాప్రదర్శనశాలవంటి చోట, ప్రక్క కార్యాలయమునుండి మధ్యాహ్న విరామమున వచ్చిన యువకుడు మట్టితల ముందు నిలిచినపుడు ఆలంబనస్థానము ఖాళీగా నుండదు. ఆమె చూచుచున్నది అతనినే.